ఒక్క లెక్కల్లో తప్ప అన్నింటా తప్పిన అబ్బాయి

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మా కుందుర్పిలో ఏ వీధిలో నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది... లెక్కలు పోయాయంట! మగపిల్లాడైతే తిట్టో కొట్టో మళ్లీ ఫీజు కట్టిస్తారు. ఆడపిల్ల సంగతి అలా కాదు. వానలు ముఖం చాటేసే సీమ మాది. ఆ ఏడు చెనక్కాయ చేతికొచ్చిందా లేదా అని చూసుకుని ఆ పిల్ల చదువు తేలుస్తారు. చాలాసార్లు చదువు ముగిసి పెళ్లి మాటలు మొదలవుతాయి.

ఈసారి మా వెనక వీధి పిల్ల ఒకతి తప్పింది. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, దీనికి లెక్కలు తలకెక్కవక్కా, ఇంక మాన్పించేస్తాం అని కళ్లొత్తుకుంది. ఏం చెప్పాలో తోచక నేను శ్రీనివాస రామానుజన్ కథ ఎత్తుకున్నాను. లెక్కలు తప్పిన పిల్లకి లెక్కల మేధావి కథ ఎందుకని మీరు నవ్వుకుంటారేమో! కానీ ఆయనా పరీక్ష తప్పినవాడే. అదీ ఒక్కసారి కాదు.

పులి మేకల ఆట

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగిందంతా కుంభకోణంలో. నాన్న చీరల కొట్లో గుమాస్తా. జీతం నెలకు ఇరవై రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. ఇల్లు గడవడానికి కాలేజీ కుర్రాళ్లని ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టేది. రెండేళ్ల వయసులో బిడ్డకి మశూచి సోకింది. బతికి బయటపడ్డాడు. తర్వాత పుట్టిన ముగ్గురు పసివాళ్లు మాత్రం దక్కలేదు. ఆ తల్లికి ఈ కొడుకు మీద ప్రాణాలు ఎందుకుండవు చెప్పండి!

తల్లీ కొడుకులిద్దరూ కూర్చుని పులి మేకల ఆట ఆడుకునేవాళ్లట. మన గుళ్ల దగ్గర బండల మీద గీసి ఉంటుందే, అదే ఆట. ఏ రాయి ఎక్కడికి జరిపితే నాలుగు ఎత్తుల తర్వాత ఏమవుతుందో ముందే ఊహించాలి. లెక్కల మొదటి పాఠం ఆయనకి అమ్మ ఒడిలోనే దొరికిందని నాకనిపిస్తుంది. ఆ ఆట మన అమ్మలకూ వచ్చు. అది కూడా లెక్కేనని మనకి ఎవరూ చెప్పలేదంతే.

1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలోనే మంచి మార్కులు తెచ్చుకుని, మరుసటి ఏడు టౌన్ హైస్కూల్లో చేరాడు. ఆ రోజుల్లోనే లెక్కల్లో స్నేహితుడికన్నా ఒక్క మార్కు తక్కువ వచ్చిందని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తిన కుర్రాడు. ఓ రోజు పంతులుగారు ఏ అంకెనైనా అదే అంకెతో భాగిస్తే ఒకటి వస్తుందని చెబుతుంటే, సున్నాని సున్నాతో భాగించినా ఒకటేనా అని అడిగాడని చెప్పుకుంటారు.

పదకొండేళ్లకే, ఇంట్లో ఉండే కాలేజీ కుర్రాళ్ల దగ్గర నేర్చుకోవలసిందంతా నేర్చేసుకున్నాడు. వాళ్ల దగ్గర ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పదమూడేళ్లకి లోనీ రాసిన త్రికోణమితి పుస్తకం పూర్తి చేశాడు. ఆ పుస్తకం పట్టుకుంటే పెద్ద తరగతుల వాళ్లకే చెమటలు పట్టేవి. బడిలో పన్నెండు వందల మంది పిల్లలకీ ముప్ఫై అయిదు మంది పంతుళ్లకీ టైంటేబుల్ కుదర్చడం తలనొప్పిగా ఉంటే, ఆ పనిలోనూ ఈ కుర్రాడి సాయమే తీసుకున్నారు.

ఆ వయసులోనే తనంతట తాను కొన్ని సూత్రాలు కనుక్కున్నాడు. తీరా చూస్తే అవి ఆయిలర్ అనే యూరప్ పండితుడు ఎప్పుడో కనిపెట్టినవే! సిగ్గుతో ఆ కాగితాలు తీసుకెళ్లి ఇంటి కప్పులో దాచేశాడు. పిల్లల మనసు ఎంత సున్నితమో చూడండి. ఎవరి సాయమూ లేకుండా అంత దూరం నడిచానని సంతోషించాల్సింది పోయి, ముందు ఎవరో నడిచారని సిగ్గుపడ్డాడు.

పలకా, మోచెయ్యీ

1903లో, పదిహేనో పదహారో ఏట, కాలేజీ లైబ్రరీ పుస్తకం ఒకటి స్నేహితుడి ద్వారా చేతికొచ్చింది. కార్ అనే ఆయన పరీక్షలకు చదివే పిల్లల కోసం తయారుచేసింది. అందులో సుమారు అయిదు వేల సూత్రాలున్నాయి. ఎలా వచ్చాయో వివరం మాత్రం దాదాపు లేదు. ఇంకొకరైతే మూసి పక్కన పెట్టేవారు. రామానుజన్‌కి అదే పండగయింది. ఒక్కొక్క సూత్రాన్నీ తనే నిరూపించుకుంటూ పోయాడు.

కాగితం కొనే స్తోమతు లేదు. పలక మీద బలపంతో చేసేవాడు, మోచేత్తో తుడిచేవాడు, చివరికి తేలిన ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. మధ్యలో నడిచిన మెట్లన్నీ మోచేతికి అంటుకుని పోయాయన్నమాట! మన పెద్దవాళ్లని రాగి సంగటికి ఎసరెంత అని అడిగితే చేత్తో చూపిస్తారు గానీ కొలత చెప్పలేరే, అలాంటిదే ఇదీ. సంగటి మాత్రం తప్పకుండా కుదురుతుంది.

1904లో హైస్కూలు చదువు ముగిసింది. లెక్కల్లో రంగనాథరావు బహుమతి ఇస్తూ హెడ్మాస్టరు కృష్ణస్వామి అయ్యర్, నూటికి నూరు కన్నా ఎక్కువ ఇవ్వదగిన విద్యార్థి అని మెచ్చుకున్నారు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్‌తో సీటొచ్చింది. అంతా బాగుందనుకునే సరికి కథ అడ్డం తిరిగింది.

లెక్కలు తప్ప ఇంకే సబ్జెక్టూ పట్టలేదు. ఇంగ్లీషులో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం దాకా వచ్చేశాడు. బిడ్డ కనబడక తల్లిదండ్రులు ఎంత అల్లాడారో! మర్నాటి ఏడు మద్రాసులో పచ్చయప్ప కాలేజీలో చేరాడు. అప్పటి ఎఫ్.ఏ. అంటే మన ఇంటర్ లాంటిది. శరీర శాస్త్రం పేపరు చూస్తే నీరసం వచ్చేది. 1906లో తప్పాడు. 1907లో ప్రైవేటుగా కట్టి మళ్లీ తప్పాడు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, తిండికి కటకట. అయినా నోటుబుక్కులు నిండుతూనే ఉన్నాయి.

నెల్లూరు మెట్లెక్కి...

ఇలా ఉన్న కొడుక్కి 1909లో కోమలతమ్మాళ్ పెళ్లి చేసింది. పెళ్లికూతురు జానకికి అప్పటికి పదేళ్లు. సంసారం నెత్తినపడ్డాక నోటుబుక్కులు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు రామానుజన్. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు గారిని కలిశాడు. లెక్కలంటే ప్రాణమిచ్చే ఆ కలెక్టరు ఆ పుస్తకాలు చూసి, కొన్నాళ్లు సొంత డబ్బుతో నెలనెలా ఆదుకున్నారు. మన తెలుగు గడ్డ మీదే ఆయనకి మొదటి పెద్ద ఆసరా దొరికిందని తల్చుకుంటే గర్వంగా ఉంటుంది.

1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా ఉద్యోగం, నెలకు ముప్ఫై రూపాయలు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ అనే ఆచార్యుడికి తన సూత్రాలతో ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరమే దారి తెరిచింది. 1914 మార్చి 17న ఓడెక్కాడు. అక్కడ హార్డీతో వచ్చిన పేచీ ఏమిటో తెలుసా? మెట్లు ఏవి, నిరూపణ ఏది అని! మన పిల్లల లెక్కల పేపర్లో మార్కులు కోసేది కూడా అక్కడే కదండీ. 1916లో పరిశోధన మీదే బి.ఏ. వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. కానీ పరాయి దేశపు చలి, యుద్ధకాలం, శాకాహారానికి కరువు... ఆరోగ్యం చెడి 1919లో తిరిగొచ్చాడు. 1920 ఏప్రిల్ 26న, ముప్ఫై రెండేళ్లకే కన్నుమూశాడు.

జానకి

నా మనసు మాత్రం ఎప్పుడూ జానకి దగ్గరే ఆగిపోతుంది. భర్త ఇంగ్లండులో ఉన్న అయిదేళ్లూ రాసిన ఉత్తరాలు ఒకరివొకరికి అందకుండా అత్తగారు అడ్డుపడ్డారని జీవిత చరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. కొడుకుని అంత ప్రేమించిన తల్లే కోడలికి అలా చేసిందంటే ఏమనాలి! ఆఖరి ఏడాది మాత్రం భర్తకి దగ్గరుండి సేవ చేసింది. పడక మీద కూడా ఆయన లెక్కలు రాస్తూనే ఉంటే, ఆ కాగితాలన్నీ ఏరి పెట్టింది. ఇరవై ఒకటో ఏట వైధవ్యం. బొంబాయిలో అన్నగారింట కుట్టుపని నేర్చుకుని, మద్రాసు వచ్చి మిషను కుట్టి బతికింది. ఒక పిల్లవాణ్ని పెంచుకుని ప్రయోజకుణ్ని చేసింది. 1976లో కేంబ్రిడ్జిలో ఆయన చివరి కాగితాలు బయటపడితే ప్రపంచమంతా సంబరపడింది. భర్తకి విగ్రహం పెట్టలేదన్న ఆమె బాధ విని, దేశదేశాల గణిత శాస్త్రజ్ఞులు చందాలేసుకుని ప్రతిమ చేయించి ఇచ్చారు. 1994లో ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు డిసెంబరు 22ని జాతీయ గణిత దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ రోజు జానకి కుట్టుమిషను కూడా గుర్తుకురావాలి నాకు.

కథంతా విని మా వెనక వీధి తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అంతటి మనిషే రెండుసార్లు తప్పితే నా బిడ్డ ఒక్కసారి తప్పితే ఏమైందిలే అంది. ఆయనంత మేధావి కమ్మని ఆ పిల్లకి నేను చెప్పలేదు. ఆయనకి లెక్కలు తప్ప ఏవీ రాలేదు, నీకు లెక్కలు తప్ప అన్నీ వచ్చాయి, ఇంకో పరీక్షకు దారి మూయకపోతే చాలు అన్నాను.

ఫీజు కట్టారు. రోజూ సాయంత్రం ఆ పిల్ల మా అరుగు మీదికి వస్తోంది. నేను బి.ఏ. దాన్ని, త్రికోణమితి మర్చిపోయి ఇరవై ఏళ్లయింది. దాంతోపాటు నేనూ మళ్లీ నేర్చుకుంటున్నాను. మొదటి రోజే ఒక్క నియమం పెట్టుకున్నాం, తప్పయినా సరే, ఏ మెట్టూ మోచేత్తో తుడవకూడదని.