సముద్రం కింది తీగకు లెక్క కట్టిన కెల్విన్

సముద్రం అడుగున వేసిన తీగలో వార్త ఎంత వేగంగా వెళ్లగలదో లెక్కగట్టి చెప్పిన శాస్త్రవేత్త విలియం థామ్సన్. లోకానికి లార్డ్ కెల్విన్‌గానే ఎక్కువ తెలుసు. 1824 జూన్ 26న బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. తండ్రి లెక్కల ప్రొఫెసర్. పదేళ్లకే గ్లాస్గో యూనివర్సిటీ క్లాసుల్లో కూర్చున్న ఈ కుర్రాడు, 22 ఏళ్లకే అక్కడ ప్రొఫెసర్ అయ్యారు.

ఆ రోజుల్లో లండన్ నుంచి అమెరికాకు కబురు వెళ్లాలంటే ఓడే దిక్కు. అట్లాంటిక్ కింద టెలిగ్రాఫ్ తీగ వేద్దామని ఒక కంపెనీ పూనుకుంది. అయితే పొడవాటి తీగలో సంకేతాలు సాగిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని, పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లవుతుందని థామ్సన్ తేల్చారు. లోపలి రాగి, పైనున్న తొడుగు రెండూ మందంగా ఉండాలన్నారు. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. ఆయన అసలు వృత్తి సర్జన్.

1858 ఆగస్టులో తీగ వేయడం పూర్తయింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. అంటే గంటకు ఆరు మాటలు! బలహీనమైన కరెంటునూ పట్టుకునే అద్దం గాల్వనోమీటర్‌ను థామ్సన్ తయారుచేశారు. చిన్న అద్దం మీంచి పడే వెలుగు చుక్క అటూ ఇటూ కదిలితే సందేశం చదవొచ్చు. వైట్‌హౌస్ మాత్రం సుమారు 2000 వోల్టుల కరెంటు పంపారు. కొన్ని వారాలకే తీగ మూగబోయింది.

ఆ కొద్ది రోజుల్లోనే దాని విలువ తెలిసొచ్చింది. 1857 తిరుగుబాటు వల్ల కెనడా నుంచి రప్పించాలనుకున్న రెండు పటాలాల ప్రయాణాన్ని తీగ ద్వారానే రద్దు చేశారు. బ్రిటిష్ ప్రభుత్వానికి 50 వేల పౌండ్ల దాకా ఖర్చు తప్పింది.

దర్యాప్తు తర్వాత థామ్సన్ మాటే నెగ్గింది. మందమైన రాగి వాడారు, ముందే పరీక్షించారు. 1865లో తీగ నడిసముద్రంలో తెగింది. మరుసటి ఏడాది గ్రేట్ ఈస్టర్న్ ఓడ పని పూర్తిచేసింది. ఈసారి నిమిషానికి ఎనిమిది మాటలు వెళ్లాయి. థామ్సన్‌కు సర్ బిరుదు, 1892లో లార్డ్ హోదా దక్కాయి. యూనివర్సిటీ పక్కన పారే కెల్విన్ నది పేరే తన పేరుగా పెట్టుకున్నారు.

1907 డిసెంబర్ 17న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి దగ్గరే ఆయన్ను ఖననం చేశారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ కూడా నేడు సముద్రం కింది తీగల్లోంచే వస్తుంది. రాగి పోయి గాజు వచ్చినా కొలతలు అవే: సెకనుకు ఎంత, ఎంత ఆలస్యంగా, ఎన్ని తప్పులతో.