వికటకవి తెనాలి రామకృష్ణుడు

ఆంధ్రదేశమున తెనాలి రామకృష్ణుని పేరెఱుగని పల్లె లేదు. అక్షరము రాని అవ్వ సైతము అతని కథ యొకటి చెప్పి మనుమలను నవ్వింపగలదు. ఇంతటి లోకప్రసిద్ధి తెలుగు కవులలో బహు కొలదిమందికే దక్కినది. అయినను ఆ ప్రసిద్ధి చాటున కవి మఱుగుపడి, హాస్యగాడు మాత్రమే జనుల కన్నుల యెదుట నిలిచెను.

ఈతడు 16వ శతాబ్దమువాడు. తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. తొలుత రామలింగ నామముతో ఉద్భటారాధ్య చరిత్రమను శైవకావ్యమును రచించి ఊర దేచమంత్రికి అంకితమొసగెను. పిదప రామకృష్ణ నామముతో ఘటికాచల మాహాత్మ్యమును, పాండురంగ మాహాత్మ్యమును రచించెను. ఈ పేరు మార్పును బట్టి అతడు శైవము విడిచి వైష్ణవము స్వీకరించెనని పలువురు పండితులు తలంతురు. విరూరి వేదాద్రి మంత్రికి అంకితమైన పాండురంగ మాహాత్మ్యము పంచకావ్యములలో నొకటిగా నెన్నబడినది.

1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో రామకృష్ణుడొకడని ప్రతీతి. అయితే నేడు లభించుచున్న అతని మూడు కావ్యములలో ఒక్కటియు రాయల కంకితము కాలేదు. అందుచేత అతడా సభలో నుండెనా, లేదా యను వాదము పండితులలో కలదు. ప్రజలకు ఆ వాదముతో పనిలేదు. వారి కథలలో అతడు నిత్యము రాయల సరసనే యుండును.

కాళికాదేవి పాలగిన్నెయు పెరుగుగిన్నెయు చూపి, విద్యయో ధనమో యొక్కటి కోరుకొమ్మనగా, రెండును త్రాగివేసిన బాలుడతడు. నగలు బావిలో వేసితినని దొంగలు వినునట్లు భార్యతో చెప్పి, వారిచేత రాత్రియెల్ల నీరు తోడించి తన తోట తడిపించుకొన్న గృహస్థుడతడు. ఈ కథలకు చారిత్రకాధారము లేకపోవచ్చును. కాని బలవంతుని యెదుట బలహీనునకు బుద్ధియే ఆయుధమని సామాన్యులు నమ్మిరి. ఆ నమ్మకమునకు వారు పెట్టుకొన్న పేరు రామకృష్ణుడు.

అతని నిజమైన హాస్యము చూడగోరువారు పాండురంగ మాహాత్మ్యములోని నిగమశర్మ కథ చదువవలెను. సద్వంశమున బుట్టి, చదువుకొనియు చెడిపోయిన యువకుడు నిగమశర్మ. అతనిని దిద్దుటకు అక్క మగనితో, బిడ్డలతో పుట్టింటికి వచ్చును. తమ్ముని లాలించును, తినిపించును, మెత్తని మాటలతో మందలించును. అతడు మారినట్లే కొన్నినాళ్లు నటించి, ఒకనాటి రాత్రి ఇంటిలోని సొమ్మెల్ల మూటగట్టుకొని పాఱిపోవును. తెల్లవాఱి ఇంటిల్లపాది గోలుగోలున నేడ్చుచుండగా, అక్క దుఃఖమంతయు పోయిన తన ముక్కర మీద నిలుచును. చదువరికి నవ్వు వచ్చును. మఱుక్షణమే ఆమెపై జాలియు కలుగును. అక్కకు కవి పేరైనను పెట్టలేదు. అయినను ఆమె ప్రతి యింటి ఆడుబిడ్డవలె మన కన్నుల గట్టును. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆమె పేరనే యొక ప్రసిద్ధ వ్యాసము రచించిరి. తుదకు అంతటి పాపికిని కవి ముక్తినే యొసగెను. మనుష్యుని బలహీనతను చూచి నవ్వెనే గాని, మనుష్యుని ద్వేషింపలేదు.

తరువాతి తరములవారు అతనిని పలువిధముల తలచుకొనిరి. అతని కథలు తమిళ, కన్నడ దేశములందును వ్యాపించినవి. 1956లో బి. ఎస్. రంగా నిర్మించిన చలనచిత్రములో అక్కినేని నాగేశ్వరరావుగారు రామకృష్ణుడుగా, నందమూరి తారకరామారావుగారు రాయలుగా నటించిరి. ఎటు చదివినను ఒక్కటే యగు వికటకవి బిరుదు బడిపిల్లల నోట నేటికిని ఆడుచున్నది.

జనులు అతని నవ్వును నాలుగు వందల యేండ్లకు పైగా కాపాడుట గొప్ప మాటయే. కాని కథ చెప్పుకొన్నంతనే అతని ఋణము తీరదు. గ్రంథాలయమున అతని కథల పుస్తకము అట్టలు చినుగునంతగా చేతులు మాఱుచుండగా, పాండురంగ మాహాత్మ్యము దుమ్ము పట్టియుండుట న్యాయము గాదు. కథలు చదివి నవ్విన బాలుడు పెద్దవాడై ఆ కావ్యమును గూడ విప్పిననాడు రామకృష్ణుని స్మృతి సంపూర్ణమగును.