డాక్టరు విలియం కోలీ

జ్వరమును ఆయుధముగా జేసికొని కాన్సరుతో బోరాడిన యొక వైద్యుని చరిత్రమును మన విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విలియం కోలీ 1862వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. యేల్ కళాశాలలోను, హార్వర్డు వైద్య విద్యాలయములోను జదివి న్యూయార్కు నగరమున శస్త్రవైద్యుడయ్యెను. 1890లో చేతి యెముకకు కాన్సరు సోకిన యొక యువతి ఆయనయొద్దకు వచ్చెను. చేయి తీసివైచినను ఆమె 1891 జనవరిలో మరణించెను. ఈ మరణ మాయనను మిక్కిలి కలచివైచెను.

ఆయన ఆసుపత్రి పాత దస్త్రములను వెదకగా నొక వింత కానవచ్చెను. మెడమీద కంతి పెరిగిన యొక రోగికి ఎరిసిపెలాస్ అను చర్మజ్వరము తగిలి, కంతి కరగిపోయెను. కోలీ వీధులు గాలించి యాతని కనుగొనెను. ఏడేండ్లు గడచినను అతడారోగ్యవంతుడై యుండెను.

1891లో కోలీ మరణమునకు సమీపించిన యొక రోగికి ఆ జ్వరపు క్రిములను బుద్ధిపూర్వకముగా నెక్కించెను. తీవ్రజ్వరము వచ్చి కంతి కరగెను. రోగి మరి 8 ఏండ్లు బ్రదికెను. కాని మరి యిద్దరు రోగులు ఆ జ్వరముచేతనే చనిపోయిరి. కావున కోలీ బ్రదికియున్న క్రిములను విడిచి, వేడిచే చంపిన రెండు జాతుల క్రిములను గలిపి మందు చేసెను. 1893లో దానిని బుచ్చుకొనిన 16 ఏండ్ల బాలుడు 26 సంవత్సరములు జీవించెను.

అయినను ఆ మందు అందరికిని గుణమీయలేదు. కారణ మాయన చెప్పజాలకపోయెను. రేడియము, ఎక్స్‌రే చికిత్సలు ప్రబలెను. ప్రసిద్ధుడగు జేమ్స్ యూయింగ్ ఆయనను వ్యతిరేకించెను. 1936లో కోలీ కన్నుమూసెను.

ఆయన కుమార్తె హెలెన్ కోలీ నాట్స్ తండ్రి రోగుల వృత్తాంతములను సేకరించి, 1953లో కాన్సరు పరిశోధనసంస్థ నొకదానిని స్థాపించెను. క్రమముగా కారణము తెలియవచ్చెను. క్రిములను గుర్తించిన తెల్లకణములు సైటోకైనులను మాంసకృత్తులను వెలువరించును. ఇవి కణమునుండి కణమునకు వార్త మోసికొనిపోవు దూతలవంటివి. కంతులను నశింపజేయు నట్టి యొక దూతను 1975లో లాయిడ్ ఓల్డు మొదలగువారు ప్రకటించిరి. ఇంటర్‌ల్యూకిన్-2 అను వేరొక దూత లింఫోసైటులను మేల్కొలిపి, వృద్ధిజేసి, కాన్సరుపైకి బంపును. మూత్రపిండముల కాన్సరునకు దీనిని 1992లో అమెరికాలో అనుమతించిరి. ఇదియు కొందరికే ఫలించును. రక్తపు పోటు పడిపోవుట మొదలగు ప్రమాదములు గలవు.

విద్యార్థులారా! ఇతరులు చూచి విడిచిన దస్త్రమునే కోలీ శ్రద్ధతో జదివెను. హాని కలిగినప్పుడు పద్ధతిని మార్చెను. ఈ రెండును మన మభ్యసింపదగినవి.