యంత్రానికి మాట నేర్పిన పంతులమ్మ: గ్రేస్ హాపర్

మన కంప్యూటరు ల్యాబులో ఏ సాయంత్రమైనా కనిపించే దృశ్యమే ఇది. ఒక కుర్రవాడు ప్రోగ్రాము రాసుకునే ఎడిటరు తెరుస్తాడు. ఎక్కడో ఎవరో రాసిపెట్టిన ఎక్స్‌టెన్షన్ ఒకటి దానికి తగిలించుకుంటాడు. అది తప్పులు పట్టి చూపిస్తుంది, వరుసలు సర్దుతుంది, సగం మాట కొట్టగానే మిగతా సగం అందిస్తుంది. కావలసింది దొరక్కపోతే తానే ఒకటి రాసుకుని నలుగురికీ పంచుతాడు. ఇదంతా గాలీ నీరూ లాగా దానంతటదే వచ్చిందనుకుంటాం. కానీ ఒకరు రాసిన ముక్కను మరొకరు వాడుకోవచ్చుననీ, పనిముట్టును వాడేవాడే దాన్ని పెంచుకోవచ్చుననీ, ప్రోగ్రాము రాసేవాడి చాకిరీలో కొంత యంత్రమే మొయ్యాలనీ లోకాన్ని ఒప్పించడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. అలా ఒప్పించిన కొద్దిమందిలో అందరికన్నా పట్టుదల గల మనిషి ఒక లెక్కల పంతులమ్మ. ఆవిడ పేరు గ్రేస్ హాపర్.

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో పెద్దది. తండ్రి బీమా వ్యాపారి. రక్తనాళాల జబ్బుతో ఆయన రెండు కాళ్లూ తీసెయ్యవలసి వచ్చింది. తన తరువాత ఆడపిల్లలు ఎవరిమీదా ఆధారపడకూడదనీ, కొడుకుతో సమానంగా చదవాలనీ ఆయన నిశ్చయించుకున్నాడు. ఏడేళ్ల వయసులో గ్రేస్‌కి అలారం గడియారం ఎలా మోగుతుందో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. ఒకటి విప్పింది. మళ్లీ బిగించడం రాలేదు. దాన్ని చూసి సరిచేద్దామని ఇంకొకటి విప్పింది. అలా ఇంట్లోని ఏడు గడియారాలూ విప్పి కుప్ప పోసేదాకా తల్లికి సంగతి తెలియలేదు. తల్లి తిట్టలేదు సరికదా, ఇకమీదట ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోమని రాజీ కుదిర్చిందట. ఆ తల్లికి కూడా గణితమంటే ప్రాణం.

పరీక్ష తప్పిన మిత్రులు ఈ ముక్క ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. పదహారో ఏట వాసర్ కాలేజీకి దరఖాస్తు పెడితే లాటిన్‌లో మార్కులు చాలక గ్రేస్‌కి సీటు రాలేదు. మరుసటి ఏడు, 1924లో, చేరింది. 1928లో గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా పుచ్చుకుంది. 1930లో యేల్ యూనివర్శిటీలో ఎమ్.ఏ., 1934లో అక్కడే గణితంలో పిహెచ్.డి. ఆ రోజుల్లో గణితంలో డాక్టరేటు పొందిన స్త్రీలు అమెరికాలో కూడా అరుదు. ఈ మధ్యలోనే, 1930లో, విన్సెంట్ హాపర్‌ను పెళ్లి చేసుకుంది. 1931 నుంచి వాసర్‌లోనే లెక్కలు చెప్పసాగింది. 1941 నాటికి అసోసియేట్ ప్రొఫెసరు అయింది. దారి అంతా తిన్నగా కనిపిస్తోంది. అలాగే సాగితే ఆవిడ కథ అక్కడితో ముగిసేదే.

కానీ యుద్ధం వచ్చింది. ముత్తాత నేవీలో అడ్మిరల్‌గా చేసినవాడు కావడంతో గ్రేస్‌కి కూడా నేవీలో చేరాలనిపించింది. వయసు ముప్ఫై ఏడు కావస్తోంది. మనిషి బక్కపలచన, ఉండవలసిన కనీసపు బరువుకి 15 పౌండ్లు తక్కువ. పైగా లెక్కల ప్రొఫెసర్లను కాలేజీల్లోనే ఉంచాలని ప్రభుత్వం అభిప్రాయం. అన్నిటికీ మినహాయింపులు సంపాదించి 1943 డిసెంబరులో నేవీ రిజర్వులో చేరింది. శిక్షణలో తన బ్యాచికి ఫస్టు వచ్చింది. సంసారం మాత్రం నిలవలేదు. 1945లో విడాకులయ్యాయి. పిల్లలు లేరు.

1944 జూలైలో ఆవిణ్ణి హార్వర్డ్ యూనివర్శిటీకి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అనే ప్రొఫెసరు ఆధ్వర్యంలో మార్క్ వన్ అనే యంత్రం పనిచేస్తోంది. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువు. కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి దానికి పని చెప్పాలి. వెళ్లిన రోజునే ఐకెన్ ఆవిడకి యంత్రం చూపించి, వచ్చే గురువారంలోగా 23 దశాంశ స్థానాల దాకా ఒక లెక్క చేసిపెట్టమన్నాడు. పాఠం లేదు, పుస్తకం లేదు. తరువాత ఆ పుస్తకం కూడా ఆవిడే రాసింది. మార్క్ వన్ యంత్రం మీద 1946లో వెలువడిన 561 పేజీల గ్రంథంలో ఎక్కువ భాగం ఆవిడ చేతి చలవే.

ఆ గదిలో రాత్రింబవళ్లు యుద్ధపు లెక్కలే. అందులో ఒకటి జాన్ ఫాన్ నోయ్‌మన్ తెచ్చిన సమస్య. అది దేనికోసమో అక్కడున్న వారికి ఎవరూ చెప్పలేదు. నాగసాకి మీద పడిన బాంబు తయారీకి సంబంధించిన లెక్క అదని తరువాతే తెలిసింది. పనిముట్టు తయారు చేసేవాడికి దాని ఫలితం ఎక్కడికి పోతుందో తెలియకపోవచ్చు. ఇంజనీరింగు, సైన్సు చదివే మనందరం ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన విషయమిది.

ఇక అసలు సంగతికి వద్దాం. హాపర్, రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ ముగ్గురూ ఆ యంత్రానికి ప్రోగ్రాములు రాసేవారు. సైను కావాలన్నా, లాగరిథమ్ కావాలన్నా ప్రతిసారీ మొదటినుంచి రాయడం దండగ. అందుకని ఒకసారి సరిగా పనిచేసిన ముక్కను ఎవరి నోటు పుస్తకంలో వారు రాసి దాచుకునేవారు. అవసరమైతే ఒకరి పుస్తకం మరొకరు అడిగి తీసుకుని ఎక్కించుకునేవారు. మన హాస్టల్లో నోట్సులు చేతులు మారినట్టే అన్నమాట. అయితే చేత్తో ఎక్కించడంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ ముక్కను కొత్త చోట పెట్టినప్పుడు అందులోని అంకెలన్నిటికీ కొంత కలుపుకుంటూ పోవాలి. మనుషులు కూడికల్లో తప్పులు చేస్తారు. రెండోది, చూసి రాసేటప్పుడు కూడా తప్పులు చేస్తారు. ఖాళీకి గుర్తుగా గీసిన త్రికోణం 4 అయిపోయేది, బి అక్షరం 13 అయిపోయేది. తప్పు లేకుండా కలపగలదు, తప్పు లేకుండా ఎక్కించగలదు అనే కదా యంత్రాన్ని తయారు చేసింది! మరి ఆ పని దానికే ఎందుకు అప్పగించకూడదు? ఆవిడ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఇక్కడే పురుగు కథ కూడా చెప్పాలి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లోని మార్క్ టూ యంత్రం రిలేలో ఒక చిమ్మెట ఇరుక్కుని కనిపించింది. దాన్ని తీసి లాగ్‌బుక్కులో అంటించారు. ఆ పేజీ ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పదిలంగా ఉంది. బగ్ అనే మాట పుట్టించింది హాపర్ అని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. యంత్రంలోని లోపాన్ని అలా పిలవడం ఎడిసన్ నాటికే ఉంది. ఆ పురుగును పట్టింది కూడా ఆవిడ కాదు. కథను మహా రుచిగా చెప్పి లోకమంతా వ్యాపింపజేసింది మాత్రం ఆవిడే.

1949లో హార్వర్డ్‌లో ఆవిడ గడువు తీరింది. అక్కడ స్త్రీలకు పర్మనెంటు ఉద్యోగాలు లేవు. యుద్ధకాలపు ఒత్తిడి, ఒంటరితనం, ముందేమిటో తెలియని స్థితి. ఆ సంవత్సరాల్లో ఆవిడ తాగుడుకి లోబడింది. ఒకసారి పోలీసుల దాకా వెళ్లింది. మహనీయుల జీవితాల్లోంచి ఇటువంటివి కత్తిరించి చెప్పడం మనకు అలవాటు. కానీ పడి లేచిన మనిషిని నిటారుగానే నడిచిందని చెబితే, లేవడంలోని శ్రమకు విలువ కట్టినట్టు కాదు. స్నేహితులు ఆదుకున్నారు. ఆవిడ లేచి నిలబడింది.

ఆ ఏడే ఫిలడెల్ఫియాలో ఎకెర్ట్, మాక్లీ అనే ఇద్దరు నడుపుతున్న చిన్న కంపెనీలో చేరింది. 1950లో దాన్ని రెమింగ్టన్ రాండ్ సంస్థ కొనేసింది. వాళ్ల యూనివాక్ యంత్రంలోని జ్ఞాపకశాలలో వెయ్యి పదాలకే చోటు. ఒక్కో పదంలో 12 అక్షరాలు. అంత ఇరుకులో 1951-52లో హాపర్ ఏ-జీరో అనే ప్రోగ్రాము తయారు చేసింది. పనిచేసే తీరు ఇదీ: అంతదాకా పోగుచేసిన సబ్‌రొటీనులన్నిటినీ టేపు మీద ఎక్కించి, ఒక్కోదానికీ ఒక కాల్ నంబరు ఇచ్చారు. మన లైబ్రరీలో పుస్తకాల నంబర్లు చీటీ మీద రాసిస్తే అటెండరు తెచ్చిపెట్టినట్టు, ప్రోగ్రామరు నంబర్లు రాసిస్తే చాలు, యంత్రమే టేపులోంచి ఆ ముక్కలు తెచ్చుకుని, వాటి లోపలి చిరునామాలు కొత్త చోటికి తగ్గట్టు మార్చి, వరుసగా కూర్చి, పూర్తి ప్రోగ్రాము తయారు చేస్తుంది. ఈనాటి లెక్క ప్రకారం దాన్ని కంపైలరు అనేకన్నా లింకరు, లోడరు అనడం సబబు. కానీ ప్రోగ్రాములు తయారు చేసే ప్రోగ్రాము అన్న ఊహ అందులో ఉంది.

ఒక చిక్కు మాత్రం ఆవిణ్ణి చాలా వేధించింది. ప్రోగ్రాములో ముందుకు దూకమని ఆజ్ఞ ఉంటే, ఆ దూకవలసిన ముక్క ఇంకా చేరలేదు కనుక దాని చిరునామా తెలియదు. అప్పుడు కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తుకొచ్చింది. ఆనాటి ఆడపిల్లల ఆటలో బంతిని ఒక్కసారే నేలకు కొట్టాలి, ఆ తరువాత కదలకూడదు. కనుక తోటి ఆటగత్తెకు బంతి విసిరి, తాను బుట్ట కిందికి పరుగెత్తి మళ్లీ అందుకోవాలి. అదే ఉపాయం ఇక్కడ వాడింది. జ్ఞాపకశాలలో ఒక మూల కొంత చోటు ఖాళీగా ఉంచి, ముందుగా అక్కడికి దూకించి, అసలు ముక్క చేరాక అక్కడినుంచి దానికి దారి చూపించింది. ఆటస్థలంలో గడిపిన గంటలు వృథా అనుకునే లెక్చరర్లు గమనించాలి!

1952 మేలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సభలో దీనిమీద వ్యాసం చదివింది. జనం నమ్మలేదు. కంప్యూటరు లెక్కలు చేస్తుందే కాని ప్రోగ్రాములు రాయదు అన్నారు. కేంబ్రిడ్జిలో డేవిడ్ వీలర్ మొదలైనవారు అప్పటికే సబ్‌రొటీనుల లైబ్రరీ కట్టి, 1951లో పుస్తకం కూడా వేశారు. కనుక ఘనత అంతా హాపర్ ఒక్కరిదే అనడం పొరపాటు. అయితే ఆవిడ వాదించి ఊరుకోలేదు. ఏ-జీరో తరువాత ఏ-టూ తయారై 1953లో కొనుగోలుదార్లకు చేరింది. దానితోపాటు దాని లోపలి ప్రోగ్రాము మొత్తం ఇచ్చి, బాగుచేసిన వాటిని తిరిగి పంపమని కోరారు. పనిముట్టును వాడేవారే పనిముట్టును పెంచేవారు కావాలన్నమాట. సోర్సు అందరికీ తెరిచి పెట్టే ఈనాటి సంప్రదాయానికీ, మన ఎడిటర్లకు లోకం నలుమూలల నుంచి వచ్చి చేరే ఎక్స్‌టెన్షన్లకూ తొలి బీజాలలో ఇదొకటి.

అక్కడితో ఆగలేదు. వ్యాపార లెక్కలు చూసే గుమాస్తాలకు గణిత సంకేతాలు పడవు, వాళ్లకు మాటలు కావాలి. మాటలతోనే ప్రోగ్రాము రాయవచ్చునని 1955 జనవరిలో పైవాళ్లకు చూపించింది. ఉత్సాహం కొద్దీ అదే ప్రోగ్రామును ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మను మాటల్లో కూడా నడిపింది. ఇక చూడండి! అమెరికా యంత్రానికి ఫ్రెంచి, జర్మను ఎలా వస్తాయని పెద్దలు కంగారు పడిపోయారట. యంత్రానికి ఏ భాషయినా గుర్తుల వరుసే, తెలుగు మాటలు పెట్టినా దానికి ఒకటేనన్న సంగతి వారికి ఎక్కలేదు. చివరికి ఇంగ్లీషుతోనే సరిపెట్టుకుంటామని మాట ఇస్తే గాని పని ముందుకు సాగలేదు. అలా పుట్టిందే ఫ్లోమాటిక్.

1959లో మేరీ హాస్ అనే ఆవిడ అన్ని కంపెనీల యంత్రాలకూ ఒకే వ్యాపార భాష కావాలని ప్రతిపాదించింది. ఆ ఏడు మే నెలాఖరులో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. దాని ఫలితమే కోబాల్. భాషను కూర్చింది జీన్ సామెట్ మొదలైనవారున్న కమిటీ. హాపర్ సలహాదారు మాత్రమే. కానీ పునాది చాలావరకు ఫ్లోమాటిక్‌దే. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిపి చూపించారు.

ఆ కోబాల్‌కీ మన తెలుగువారికీ ఒక బాంధవ్యం ఉంది. జాగా ఆదా కోసం పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసినందువల్ల 2000 సంవత్సరం దగ్గర పడేసరికి పెద్ద చిక్కు వచ్చిపడింది. వాటిని సరిచేయడానికి 1990ల చివర్లో హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన కుర్రవాళ్లు ఎందరో! మన పూర్వ విద్యార్థుల్లోనూ అటువంటివారు ఉండే ఉంటారు. వారి అన్నం ముద్దలో ఈ పంతులమ్మకీ కొంత వాటా ఉంది.

1966 చివర నేవీ ఆవిణ్ణి రిటైరు చేసింది. ఎనిమిది నెలలైనా తిరక్కుండానే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పని ఉందని మళ్లీ పిలిచింది. ఆ ఆరు నెలలు పందొమ్మిదేళ్లయ్యాయి. ఒకే పేరుతో చలామణి అవుతున్న కోబాల్ ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో తీరుగా ఉంటే, అసలు నకిలీ తేల్చే పరీక్షా ప్రోగ్రాములు తయారు చేయించడం ఆవిడ చేపట్టిన పని. తోచిన చేర్పులన్నీ చేసుకోండి, కానీ అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చెడగొట్టకండి అన్నది ఆ పనిలోని సారం. గోడ మీద వెనక్కి తిరిగే గడియారం పెట్టుకునేది. అది కూడా సరైన టైమే చూపిస్తుంది, అలవాటే అడ్డు అని చూపించడానికి! ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు సుమారు అడుగు పొడవున్న తీగముక్కలు పంచేది. నానోసెకనులో కాంతి పోగల దూరం అదేనని కుర్రవాళ్ల చేతికిచ్చి చూపించేది.

1986 ఆగస్టు 14న, 79వ ఏట, రియర్ అడ్మిరల్ హోదాలో బోస్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద పదవీ విరమణ చేసింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. ఆవిడ పేరిట ఒక యుద్ధనౌక 1997లో నేవీలో చేరింది. 2016లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. 2017లో యేల్ యూనివర్శిటీ తన కాలేజీ ఒకదానికి ఆవిడ పేరు పెట్టింది.

మిత్రులారా, పక్కవాడి రికార్డు చూసి ఎక్కించడం మనకు కొత్త కాదు. హాపర్ కథ మొదలైంది కూడా పక్కవాడి నోటు పుస్తకంతోనే. తేడా అంతా ఆ తరువాతి అడుగులో ఉంది. ఎక్కించి ఊరుకోకుండా, మళ్లీ ఎవరూ చేత్తో ఎక్కించనక్కరలేని మార్గం వెతికింది ఆవిడ. దొరికినదాన్ని బీరువాలో దాచుకోకుండా లోపలి భాగం కూడా తెరిచి ఇచ్చింది. రేపు సాయంత్రం ల్యాబులో ఎవరో రాసిన ఎక్స్‌టెన్షన్ తగిలించుకునేటప్పుడు, ఒక్కసారి దాన్ని విప్పి చూడండి. బిగించడం రాకపోతే ఏం, ఇంకో ఆరు గడియారాలున్నాయి కదా!