డాక్టర్ జాన్సన్, మన మాస్టారి అయిదు మాటలు

మన ఇంగ్లిషు మాస్టారు రోజూ బోర్డు మీద రాసే అయిదు కష్టమైన మాటలు అందరికీ గుర్తుండే ఉంటాయి. అర్థం రాసుకుంటే సరిపోయేది కాదు, ఒక్కో మాటతో సొంత వాక్యం రాయాలి. నేను అర్థాలు బట్టీ పట్టి, వాక్యాలు పక్కవాడి నోట్సులో చూసి ఎక్కించేవాణ్ణి.

దాని ఫలితం ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలిసింది. గర్డరు చాలా పెద్దదని చెప్పడానికి రిపోర్టులో దర్జాగా 'ఎనార్మిటీ' అని రాశాను. పై ఇంజనీరు గారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పాపం ఆ గర్డరు ఏం ఘోరం చేసిందని అడిగారు. నిఘంటువు తీస్తే ముందు కనబడిన అర్థం మహా దుర్మార్గమని! ఆ సిగ్గుతోనే నిఘంటువులు చేసినవాళ్ల గురించి చదవసాగాను. అలా పరిచయమైనవాడు శామ్యూల్ జాన్సన్.

ఆయన 1709లో ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి పుస్తకాల వ్యాపారి అయినా ఇంట్లో డబ్బుకు కటకటే. పసితనంలో వచ్చిన జబ్బుతో చూపు దెబ్బతింది. ఆక్స్‌ఫర్డ్‌లో చేరి, డబ్బు లేక ఏడాది దాటగానే మానేశాడు. బడి పెడితే నడవలేదు. 1737లో తన శిష్యుడు, తర్వాత గొప్ప నటుడైన డేవిడ్ గారిక్‌తో కలిసి లండన్ చేరి, పత్రికలకు రాస్తూ బతికాడు.

1746లో పుస్తక వ్యాపారులు 1,500 గినీలకు ఇంగ్లిషు నిఘంటువు పని అప్పజెప్పారు. మూడేళ్లలో అవుతుందనుకున్నది తొమ్మిదేళ్లు పట్టింది. సాయం ఆరుగురు రాతగాళ్లు. మంచి రచయితల పుస్తకాలు చదువుతూ, ఒక మాట చక్కగా కుదిరిన వాక్యానికి ఆయన పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు. రాతగాళ్లు దాన్ని చీటీ మీదికి ఎక్కించేవారు. అలా పోగైన వాక్యాలను దగ్గర పెట్టుకుని అర్థాలు విడదీసేవాడు. మధ్యలో, 1752లో, భార్య పోయింది. అయినా పని ఆపలేదు.

1755లో రెండు పెద్ద సంపుటాలు వెలువడ్డాయి. 42 వేలకు పైగా మాటలు, లక్షకు మించి ఉదాహరణ వాక్యాలు. 'టేక్' అనే చిన్న మాటకే నూరుకు పైగా అర్థాలు! తప్పులూ ఉన్నాయి. గుర్రం కాలిలో ఒక భాగం పేరుకు మోకాలని అర్థం రాశాడు. అలా ఎందుకు రాశారని ఒకావిడ అడిగితే, తెలియకేనని ఒప్పుకున్నాడు.

అంత పని చేసినా, మరుసటి ఏడాదే అప్పు తీర్చలేక అరెస్టయ్యాడు. 1762లో రాజుగారి పింఛను వచ్చాకే తెరిపిన పడ్డాడు. 1784లో కన్నుమూశాడు.

జాన్సన్ తొమ్మిదేళ్లు చేసినదే మాస్టారు మా చేత రోజూ అయిదు మాటలతో చేయించాలని చూశారు. మాటకు ప్రాణం వాక్యంలో ఉంటుందని నాకు ఎర్ర సిరా పడ్డాక గానీ తెలియలేదు. ఇప్పుడు కొత్త మాట కనబడితే, అది ఉన్న వాక్యంతో సహా రాసుకుని, కింద నా సొంత వాక్యం ఒకటి రాస్తున్నాను. స్వర్ణోత్సవం నాడు ఆ నోట్సు మాస్టారి చేతిలో పెట్టాలని ఉంది. బాకీ చాలానే ఉంది మరి!