రహీం సారు: బడిపంతులు గెలిపించిన ఆట

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మన బడిలో ఎన్నడూ పాఠం చెప్పని ఒక సారును గురించి రాస్తున్నాను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనదేశానికి రెండుసార్లు స్వర్ణ పతకం వచ్చింది, 1951లో ఒకసారి, 1962లో ఒకసారి. రెండుసార్లూ ఆ జట్టును తీర్చిదిద్దినది హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళకు రహీం సాబ్.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయవృత్తిలో చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే డ్రిల్లు సారు అయ్యారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

ఆయన శిక్షణలో బడిపంతులు బుద్ధి స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లవాడికి ఏ లెక్క రాదో ఆ లెక్కే ఎక్కువ చేయిస్తాం కదా, ఆయనా అంతే. మనవాళ్ళు బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒక్కరే పరుగెత్తడం ఎక్కువైందని గమనించి, డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టారు. బంతి రాగానే పక్కవాడికి అందించాలి. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఖర్చు లేదు, పెద్ద సామగ్రి లేదు. నియమం మారిస్తే ఆట మారుతుందని ఆయనకు తెలుసు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచారు. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే దేశానికి హైదరాబాదు పేరు తెలిసొచ్చింది. భారత జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో ఇరాన్‌పై గెలిచాం.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన బడి మైదానంలో పల్లేరు ముళ్ళు ఏరుకుంటూ వట్టికాళ్ళతో ఆడినవాళ్ళకు ఆ ధైర్యం అర్థమవుతుంది. కానీ చలిదేశపు తడి మైదానంలో, బూట్లు వేసుకున్న ప్రత్యర్థుల ముందు ధైర్యం ఒక్కటే చాలదు. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సారు ఆ ఒలింపిక్స్‌లోనే స్వర్ణం గెలిచిన హంగరీ ఆటను శ్రద్ధగా చూశారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనక్కి దింపి ఆడించే వాళ్ళ పద్ధతిని తెచ్చి మనవాళ్ళకు నేర్పారు. నేను ఇంజనీరును. కట్ట తెగినప్పుడు ఎవరిని తిట్టాలా అని చూసేవాళ్ళను చాలామందిని చూశాను. ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది అని కొలతలు తీసుకునేవాళ్ళు తక్కువ. రహీం సారు ఆ రెండోరకం మనిషి.

నాలుగేళ్ళకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనది. చివరికి 4-1తో ఓడినా, హెల్సింకికీ మెల్‌బోర్న్‌కూ మధ్య ఎంత దూరం నడిచామో లోకం చూసింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం వంటి మన హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రాళ్ళు ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచాం. రహీం సారు కొడుకు హకీం కూడా ఆ బృందంలో ఉన్నాడు.

ఇక జకార్తా, 1962. అప్పటికే రహీం సారును క్యాన్సర్ పట్టుకుంది. అయినా జట్టుతో వెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాతి ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. అసలు అతను డిఫెండర్. కుట్లతో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టకుండా, ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పినందుకు ఇండోనేషియా జనం మనమీద కోపంతో ఉన్నారు. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవాళ్ళను ఎగతాళి చేస్తూ అరుస్తున్నారు. జ్వరం నుంచి కోలుకుంటున్న హైదరాబాదు గోలీ తంగరాజ్‌ను ఆ రోజు రహీం సారు బరిలో దింపారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

ఇది జరిగి తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. పద్మ పురస్కారమేదీ రాలేదు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చేదాకా ఆయన పేరు వినని తెలుగువాళ్ళే ఎక్కువ.

మనం చదివే రోజుల్లో పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోయేది. డ్రిల్లు సారు విజిల్ జేబులో వేసుకుని స్టాఫ్ రూములో కూర్చునేవారు. లెక్కలంటే ఇష్టమున్న నేను సంతోషించాను కూడా. ఇప్పుడు రహీం సారు జీవితం చదివాక, ఆ రోజు ఆయన దగ్గరికి ఒక్కరమైనా వెళ్ళి మైదానానికి రమ్మని ఎందుకు పిలవలేదా అని బాధేస్తుంది.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని మనలో చర్చ జరుగుతోంది. రంగస్థలం కట్టిద్దామని కొందరంటున్నారు, మంచిదే. నా మనవి ఒకటే. ముందుగా మైదానాన్ని చదును చేయించి, పల్లేరు తీయించి, గట్టు వెంట నీడకు నాలుగు వేపచెట్లు నాటిద్దాం. ఏటా బడి తెరిచేనాటికి కొత్త బంతులు కొనిద్దాం. డ్రిల్లు పీరియడ్‌ను డ్రిల్లు సారుకే వదిలిపెట్టమని పెద్దలను అడుగుదాం. మన కరువు నేలలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అయినా అదనుకు విత్తనం వేసి పెట్టడం మన పెద్దలు మానలేదు.