ఏడవ నిజాము వారసత్వ సంపద – వేయి తులాల మొహరు : నష్టద్రవ్య విచారము

ధర్మశాస్త్రములు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో అస్వామివిక్రయము ఒకటి. స్వామి కానివాడు అమ్మిన వస్తువును అసలు స్వామి ఏ విధముగా తిరిగి పొందవలెనను విచారము అందలి విషయము. దీనికి సన్నిహితమైనది నష్టద్రవ్య విచారము. పోయిన సొమ్ము తనదని వచ్చినవానిని ఊరక నమ్మరాదని మనువు అష్టమాధ్యాయమున విధించినాడు. సొమ్ము పోయిన దేశము, పోయిన కాలము, దాని వర్ణము, రూపము, ప్రమాణము అను ఐదింటిని అతడు చెప్పగలగవలెను. చెప్పలేనివాడు ఆ సొమ్ముతో సమానమైన దండమునకు పాత్రుడగును. ఆగమము చేతను, ఉపభోగము చేతను స్వత్వమును నిరూపింపవలెనని యాజ్ఞవల్క్యుని మతము. ఆ స్మృతికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపుర చాళుక్యుల ఆశ్రయములోనివాడు. ఆ శాస్త్రమును మూలఘటిక కేతన పదమూడవ శతాబ్దిలోనే తెనిగించినాడు.

ఆ కల్యాణపురము 1948 వరకు హైదరాబాదు రాజ్యములో భాగముగా ఉండెను. ఆ రాజ్యపు కడపటి ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన కాలమున లోకములోని మహాధనికులలో అగ్రగణ్యుడని పేరొందినారు. ఆయన సంపదలో కొంత దేశమునకు చేరినది, కొంత డెబ్బది ఏండ్లు వ్యాజ్యములో నలిగి వచ్చినది, కొంత అపహరింపబడి దొరికినది, కొంత నేటికిని దొరకలేదు. దొరికినదానికి, దొరకనిదానికి భేదమెక్కడ కలిగినదో మనువు అడిగిన ఐదు ప్రశ్నలతో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

జీవిత సంగ్రహము

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిలులో హైదరాబాదు పురానీ హవేలీలో జన్మించినారు. తండ్రి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ మరణించగా 1911 ఆగస్టులో సింహాసనమెక్కినారు. అంతకు మూడేండ్ల ముందు, 1908లో, మూసీ వరద నగరమును ముంచియుండెను. వరద నివారణకై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు ఈయన కాలముననే నిర్మింపబడినవి. దేశభాష అయిన ఉర్దూను బోధనభాషగా గ్రహించిన ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఆరంభమైనది. 1914లో పురావస్తు శాఖ ఏర్పడినది. గులాం యజ్దానీ దానికి అధిపతిగా అజంతా చిత్రములను, ఓరుగంటి ప్రాంతపు కాకతీయ దేవాలయములను కాపాడుటకు పాటుపడినారు. అజంతా చిత్రముల పరిరక్షణకై ఇటలీ నుండి నిపుణులను రప్పించినారు.

మన సంస్కృతాధ్యాపకులు స్మరింపవలసిన విషయమొకటి కలదు. పుణె భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో పూనుకొన్న మహాభారత సంశోధిత ముద్రణకు ఈయన 1932 నుండి ఏటా వేయి రూపాయల చొప్పున పదునొకండు సంవత్సరములు సాయము చేసినారు. ఆ సంస్థలోని అతిథిగృహము నేటికిని నిజాము పేర ఉన్నది. ఆ మహాగ్రంథము 1966 సెప్టెంబరులో పూర్తి అయినది. తరువాత అయిదు మాసములకు, 1967 ఫిబ్రవరి 24న, నిజాము కన్నుమూసినారు.

ఈ చరిత్రకు రెండవ వైపు కూడ చెప్పక తప్పదు. సంపద కోశములో ఊరకనే పుట్టలేదు. వరంగల్లు, నల్లగొండ జిల్లాల రైతు శిస్తుకు, వెట్టికి, లెవీ ధాన్యమునకు లోబడి యుండెను. 1946 నుండి ఆ జిల్లాలలో సాయుధ పోరాటము సాగెను. రజాకారుల దౌర్జన్యము పల్లెలను వణికించెను. 1948 సెప్టెంబరు 13న ఆరంభమైన పోలీసు చర్య 17న ముగిసెను. నిజాము 1950 జనవరి నుండి 1956 అక్టోబరు చివరి వరకు హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖులుగా ఉండిరి. తరువాత కింగ్‌కోఠీలో మితవ్యయముతో శేషజీవితము గడపినారు.

నాణెము ముద్రించిన ప్రభువు

హైదరాబాదునకు సొంత టంకశాల, సొంత నాణెము ఉండెను. చార్మినారు బొమ్మగల రూపాయి మహబూబ్ అలీ ఖాన్ కాలముననే వెలసినది. చార్మినారు ద్వారమధ్యమున ఆయన కాలపు నాణెములపై మీము అను అక్షరము, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెములపై ఐను అను అక్షరము కనబడును. ఒక్క అక్షరముతో నాణెము ఏ ప్రభువుదో తెలియును. రూపజ్ఞానమనగా ఇదియే.

జనులు దీనిని హాలీ సిక్కా అనిరి. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము. కాజీపేట–బెజవాడ రైలుమార్గము మీది కేసముద్రం నాడు వరంగల్లు జిల్లాలోనిది, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలోనిది. అటువంటి ఊళ్లలో ధాన్యము అమ్మిన రైతు చేతికి వచ్చినది, శిస్తుగా మరలిపోయినది ఈ సిక్కాయే. 1950 తరువాత భారత రూపాయి వ్యాప్తికి రాగా హాలీ సిక్కా క్రమముగా తొలగినది. వ్యవహారము నుండి తొలగిన నాడు నాణెము వారసత్వ వస్తువగును. అప్పటి నుండి దానికి రక్షణ వెల కాదు, వివరణ.

వేయి తులాల మొహరు

నిజాము వంశ వారసత్వములోనిదిగా ప్రసిద్ధమైన ఒక మొహరు ప్రపంచములోని అతి పెద్ద బంగారు నాణెములలో చేరును. మొగలు చక్రవర్తి జహాంగీరు ఆగ్రా టంకశాలలో హిజరీ 1022న, అనగా 1613లో, దీనిని ముద్రింపించినాడు. తూకము వేయి తులాలు, నేటి లెక్కలో 11,935 గ్రాములకు పైచిలుకు. వ్యాసము ఇరవై సెంటీమీటర్లను దాటును. ఇరాను షా అబ్బాసు పంపిన రాయబారి యాద్గార్ అలీకి వేయి తులాల మొహరును బహూకరించినట్లు జహాంగీరు ఆత్మచరిత్రలో ఉన్నది. ఇట్టి మొహరులు అంగడిలో మారుటకు కాక, చక్రవర్తి గౌరవమును చాటుటకు పుట్టినవి.

ఈ మొహరు 1987 నవంబరు 9న స్విట్జర్లాండులోని జెనీవా నగరమున హాబ్స్‌బర్గ్ ఫెల్డ్‌మన్ వారి వేలమునకు వచ్చినది. ఆ వార్త తెలిసి భారత ప్రభుత్వము మేల్కొన్నది. కేంద్ర నేర పరిశోధన సంస్థ విచారణ జరిపినది. మొహరు మాత్రము తిరిగి రాలేదు. ముప్పదియైదేండ్ల తరువాత 2022లో కేంద్ర ప్రభుత్వము మరల అన్వేషణకు పూనుకొన్నట్లు పత్రికలు ప్రకటించినవి.

ఇప్పుడు మనువు ప్రశ్నలను ఒక్కొక్కటిగా వేయుదము. వర్ణము: సువర్ణము. రూపము: జహాంగీరు నామాంకితమైన పారసీక లిపి. ప్రమాణము: వేయి తులాలు. ఈ మూడింటికి సందేహము లేదు. మిగిలినవి దేశకాలములు. మొహరు భారతదేశము నుండి ఏనాడు, ఏ మార్గమున వెలుపలికి పోయినది? ఇచటనే వ్యాజ్యము బిగిసినది. నూరేండ్లు దాటిన నాణెములను అనుమతి లేక దేశము దాటించుట 1947 నాటి చట్టము క్రిందను, అటుపిమ్మట 1972లో చేసి 1976 నుండి అమలుపరచిన పురావస్తు చట్టము క్రిందను నేరము. అది ఆ చట్టములకు ముందే పోయినదా, తరువాత పోయినదా అను దానిపై నేరమున్నదా లేదా అనునది ఆధారపడును. కాలము చెప్పలేని వాది మనువు సభలోను, నేటి న్యాయసభలోను ఒకే చోట ఆగిపోవును.

దేశము విషయమున మరియొక చిక్కు కలదు. అక్రమముగా తరలిన సాంస్కృతిక సంపదను తిరిగి అప్పగించుటకై యునెస్కో 1970లో ఒక ఒడంబడిక చేసినది. భారతదేశము దానిని 1977లో అంగీకరించినది. స్విట్జర్లాండు అంగీకరించినది 2003లో. 1987లో వేలము జరిగిన దేశమునకు ఆ ఒడంబడిక బాధ్యత లేకుండెను.

ప్రత్యుదాహరణములు

అదే వారసత్వములో దొరికిన సొమ్ముల సంగతి చూడవలెను.

మొదటిది ఆభరణములు. నిజాము 1951, 1952 సంవత్సరములలో ఆభరణములకై రెండు ట్రస్టులు ఏర్పరచి, వానిని కుటుంబ హితార్థము ధర్మకర్తల అధీనము చేసినారు. బహుకాల వివాదానంతరము 1995 జనవరిలో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు 173 వస్తువులను స్వీకరించినది. నిజాము కాగితములపై బరువుగా వాడినారని ప్రసిద్ధి గన్న జాకబ్ వజ్రము అందు చేరినది. తరువాత అవి సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ప్రజలకు చూపబడినవి. వేయి తులాల మొహరు ఆ 173లో లేదు.

రెండవది లండను ధనము. 1948 సెప్టెంబరు 20న హైదరాబాదు ప్రభుత్వ ఖాతాలోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాను హైకమీషనరు పేర వెస్ట్‌మినిస్టరు బ్యాంకులో జమ అయినవి. అది తన అనుమతి లేక జరిగినదని నిజాము కొద్ది దినములలోనే తెలిపి ధనము కోరినారు. 1957లో ఆంగ్ల ప్రభుసభ పాకిస్తానునకు సార్వభౌమ రక్షణ కలదని చెప్పగా వ్యాజ్యము నిలిచిపోయెను. 1965లో నిజాము తన హక్కును భారత రాష్ట్రపతికి ధారాదత్తము చేసినారు. చివరకు 2019 అక్టోబరు 2న లండను న్యాయస్థానము భారతదేశమునకు, నిజాము పౌత్రులకు అనుకూలముగా తీర్పు ఇచ్చెను. అప్పటికి ధనము దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగియుండెను. డెబ్బదియొక్క ఏండ్లు గడచినను వాది నిలువగలిగినాడు. ఏ బ్యాంకు, ఏ దినము, ఎన్ని షిల్లింగులు అనునవి పుస్తకములో ఉన్నవి.

మూడవది పురానీ హవేలీలోని ప్రదర్శనశాల. నిజాము రజతోత్సవ కానుకలకై అది 2000లో తెరవబడినది. 2018 సెప్టెంబరు మొదట అచటి బంగారు టిఫిను డబ్బా, కప్పు, సాసరు, చెంచా దొంగిలింపబడినవి. పది దినములు దాటక పూర్వమే హైదరాబాదు పోలీసులు వానిని పట్టుకొని తెచ్చినారు. పోయిన చోటు, పోయిన రాత్రి, పోయిన వస్తువు అన్నియు తెలిసినవే.

ఇక వ్రాతకు బదులు వదంతి మిగిలిన ఉదాహరణమొకటి. 1965లో నిజాము జాతీయ రక్షణ బంగారు పథకములో 425 కిలోల బంగారమును ఆరున్నర శాతము వడ్డీకి పెట్టినారు. అందు ప్రాచీన మొహరులు ఉండెనని ఆనాటి వార్త. లోకములో మాత్రము అది అయిదు టన్నుల దానముగా పెరిగినది. దానము వేరు, నిక్షేపము వేరు. ఈ భేదము శాస్త్రజ్ఞులకు చెప్పనక్కరలేదు. నిజాము సమర్పించిన గౌరవమునకు ఈ సవరణ వలన లోపము రాదు. ఆ మొహరులలో ఏది ఏ ప్రభువుదో తెలిపెడి జ్ఞానము ప్రజాస్మృతిలో నిలువక తూకము మాత్రము మిగిలినది, అదియు తప్పుగా మిగిలినది.

ఫలితాంశము

పై ఉదాహరణములను పోల్చిన ఒక విషయము స్పష్టమగును. నష్టద్రవ్యము తిరిగి వచ్చుటకు ధనబలము గాని, రాజబలము గాని చాలదు. లండను ధనమును కోరినది వృద్ధుడైన మాజీ ప్రభువు, మొహరును కోరినది స్వతంత్ర భారత ప్రభుత్వము. బలవత్తరమైన వాది చేతికి మొహరు చిక్కలేదు, దుర్బలుని వాదము నిలిచినది. భేదము వాది బలమున లేదు, దేశకాలములను నిరూపించు వ్రాతలో ఉన్నది. వారసత్వమున వస్తువు సంక్రమించును గాని వస్తుజ్ఞానము తనంత తాను సంక్రమింపదు. తండ్రి కొడుకునకు వస్తువుతోపాటు దాని ఆగమమును కూడ అప్పగించినపుడే స్వత్వము సంపూర్ణమగును. యాజ్ఞవల్క్యుడు ఆగమమును చెప్పి ఊరకుండక ఉపభోగమును చేర్చుట కూడ ఇందుకే. పదిమంది ఎరుగునట్లు ఉంచిన వస్తువునకు పదిమందియు సాక్షులు.

ఇది ప్రభువుల ఇండ్ల కథ మాత్రమే కాదు. కేసముద్రం ప్రాంతపు ఒక సామాన్య గృహస్థుని పూజాపేటికలో నాలుగు హాలీ సిక్కాలు ఉండవచ్చును. పౌరోహిత్యము చేయు ఇంటి అటకపై రెండు తాళపత్ర కట్టలు ఉండవచ్చును. అవి పోయిననాడు ఠాణాలో అడుగబోవు ప్రశ్నలు మనువు అడిగినవే. నాణెము ముఖద్వయమును కాగితముపై ఒత్తి ముద్ర తీయుట, తూకము, వ్యాసము వ్రాయుట, ఎవరి నుండి ఎపుడు సంక్రమించినదో తేదీతో గుర్తించుట, ఒక ప్రతిని ఇంటి వెలుపల ఉంచుట — ఇంత మాత్రము చాలును. తాళపత్రములకైనచో పత్రసంఖ్య, పంక్తిసంఖ్య, ఆద్యంతములు, లేఖకుని పేరు చేర్చవలెను. భండార్కరు సంస్థలో మహాభారత పండితులు ప్రతి మాతృకకు చేసినది ఈ పనియే. అందువలననే ఏ పాఠము ఏ ప్రతిలోనిదో నేటికిని చూపగలుగుచున్నాము.

ఉస్మాన్ అలీ ఖాన్ ఏటా పంపిన వేయి రూపాయలు ఆ సంస్థ లెక్కలలో నిలిచి, నేటికిని ఆయన కీర్తిని చెప్పుచున్నవి. జహాంగీరు వేయి తులాలు ఎక్కడున్నవో లోకమునకు తెలియదు. మన కళాశాలల గ్రంథాలయములలోని పత్రకట్టలకు, అధ్యాపకుల ఇండ్లలోని ప్రాచీన వస్తువులకు ఈ ఐదు విషయములతో పట్టికలు సిద్ధము చేయుట ఈ సంవత్సరమే ఆరంభింపదగిన పని. పోయిన తరువాత పట్టిక వ్రాయుట ఎవరి వశమును కాదు.